ఏడాదికి మొహం మొత్తే రంగు

ఆ ఏటి రంగుకు ‘మామిడి చిగురు’ అని పేరు పెట్టింది ఫర్హానా. అంతకు ముందు ఏడు ‘సాంబ్రాణి పొగ’, దానికి ముందు ఏడు ‘పచ్చి పసుపు కొమ్ము’. ఇంద్రచాప లామినేట్స్ కంపెనీలో డిజైన్ విభాగం ఆవిడ చేతిలో ఉంది. దసరా వెళ్ళగానే, రాబోయే ఏడు జనం వంటింటి అరల తలుపులకూ టీవీ వెనక గోడకూ ఆఫీసు బల్లలకూ ఏ రంగు కావాలనుకుంటారో ముందే చెప్పడం ఆవిడ పని. కావాలనుకోవడం కాదు, కావాలనుకునేలా చెయ్యడం అని ఆవిడే నవ్వుతూ సరిదిద్దేది.

ఎంత మంచి రంగు చెప్పినా ఒక చిక్కు మాత్రం వదిలేది కాదు. మన జనం ఒకసారి సన్‌మైకా అంటించుకున్నారంటే పదిహేనేళ్ళు దాని జోలికి పోరు. అంచులు లేస్తే గమ్ము రాసి, పైన పప్పు డబ్బా బరువు పెట్టి ఒత్తుతారు. కొత్త రంగు వచ్చింది చూడండి అంటే, “ఇది ఇంకా బాగానే ఉంది కదండీ” అంటారు. ఆ మాట వింటే ఫర్హానాకు ఒళ్ళు మండేది.

ఆ మంటకు మందు కనిపెట్టింది మందాకిని. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో రంగులు కలిపే రసాయనవేత్త ఆవిడ. నలభై ఆరేళ్ళుంటాయి. మాట తక్కువ, చేతికి ఎప్పుడూ ఏదో ఒక రంగు అంటుకుని ఉంటుంది. ఒక పొద్దున ఆవిడ ఫర్హానా గదికి వచ్చి, అరచేయంత పలక ఒకటి బల్ల మీద పెట్టి, అచ్చం అదే రంగున్న కాగితం ముక్క ఒకటి కవరులో వేసి చేతికిచ్చింది. సాయంత్రం మళ్ళీ వచ్చి ఆ కాగితం తీసి పలక పక్కన పెట్టమంది. ఫర్హానా పెట్టి చూసి నోరు తెరిచింది. పలక రాగి వైపు ఒరిగిపోయి ఉంది.

“నేను రోజంతా దీని ముందే కూర్చున్నా కదా. ఎప్పుడు మారింది?”

“మారుతనే ఉన్నది. కంటికి దొరకనంత మెల్లగ. రాత్రికి మళ్ళ వెనకకు పోతది,” అంది మందాకిని. “మామూలు రంగైతే పది రోజులకు కన్ను అలవాటు పడిపోయి దాన్ని చూసుడే బందు పెడతది. చూడని వస్తువును ఎవరు మారుస్తరు చెప్పు? దీనికి మాత్రం అలవాటు పడదామని చూస్తది, పడలేకపోతది. మళ్ళ చూస్తది. ఏడాది తిరిగేసరికి లోపల మెదడు అలసిపోయి, ‘ఇగ చాలు, తీసెయ్యుండ్రి’ అంటది.”

“అరే, ఇది రంగు కాదు మందాకినీ, అల్లరి పిల్ల,” అని ఫర్హానా ఆవిడ బుగ్గ గిల్లింది.

ఆ పూతకు ‘ఋతువు’ అని పేరు పెట్టి, ముందుగా మామిడి చిగురు రంగులోనే చేశారు. ప్రయోగశాలలో పలకలు నిలబెట్టి, వాటి ముందు మనుషుల్ని కూర్చోబెట్టి నెలల తరబడి పరీక్షించారు. అనుకున్నట్టే అందరికీ ఏడాదిలోపు మొహం మొత్తింది. వేరే ఏ హానీ లేదు. కళ్ళు బాగున్నాయి, నిద్ర బాగుంది, ఆకలి బాగుంది. ఇక మిగిలింది నిజమైన ఇళ్ళల్లో పెట్టి చూడటమే.

ఆ ఫ్యాక్టరీలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త రంగు ప్రెస్సులోంచి దిగినప్పుడు తొలి షీటు ఆ రంగు చేసినవాళ్ళకే ఇస్తారు. మందాకిని దాన్ని మియాపూర్‌లోని తన ఫ్లాటుకు తెచ్చి, భోజనాల బల్ల పక్క గోడకు నిలువునా వేయించింది. ఆవిడ భర్త సదాశివ్ జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. ఆ గోడ మీద చెయ్యి వేసి, “ఇది మా ఆవిడ చేసిన రంగు” అని ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. ఇంటర్ చదివే కూతురు లాస్య దాని ముందు తల్లిని నిలబెట్టి ఫొటోలు తీసింది. ఆ వారమంతా మందాకిని నేల మీద నడవలేదు.

తరవాత ఏం జరిగిందో, ఎప్పుడు మొదలైందో ఆవిడకే తెలియదు. అది కూడా కంటికి దొరకనంత మెల్లగానే జరిగింది.

అంతకు ముందు భోజనాల దగ్గర లాస్య నోటికి మూత ఉండేది కాదు. ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో, ఏ సారు ఎలా దగ్గుతాడో అన్నీ తల్లికి చెప్పి నవ్వించేది. ఆ కబుర్లు ఒక్కొక్కటే సన్నగిల్లాయి. సదాశివ్ కంచం పక్కన పేపరు మడిచి పెట్టుకోవడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకు పేపరు కంచానికీ ఆవిడకూ మధ్య నిలబడింది. ఎవరూ విసుక్కోలేదు, గొంతు పెంచలేదు. మందాకిని కొత్త చీర కట్టింది, జుట్టు కత్తిరించుకుంది, ఆదివారం పూట బగారా అన్నం, దాల్చా చేసింది. “బాగుంది” అన్నారు ఇద్దరూ, తల ఎత్తకుండానే. కోపంగా ఉన్నా బాగుండేదని ఆవిడకు అనిపించేది. కోపం వచ్చినవాళ్ళు కనీసం మొహం వంక చూస్తారు.

ఒకసారి ఆఫీసులో జరిగిన ఏదో విషయం చెబుతుంటే లాస్య చెంచా కింద పెట్టి, “అమ్మా, నువ్వు మాట్లాడుతుంటే నాకు విన్న క్లాసే మళ్ళ ఇంటున్నట్టుంటది,” అంది. అని, తనే నొచ్చుకున్నట్టు, “సారీ. ఎందుకో నాకే తెల్వది,” అంది. మందాకిని నవ్వింది. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

సంక్రాంతి సెలవులు అయిపోయాక సదాశివ్ అసలు విషయం బయటపెట్టాడు. వరంగల్‌కు బదిలీ అడిగాడట, వచ్చిందట. వేసవిలో లాస్య పరీక్షలు కాగానే ఇద్దరూ వెళతారట.

“లాస్య గూడ నాతోనే వస్తనంటున్నది. అక్కడ డిగ్రీల చేరుతదట.”

“మరి నేను?”

అతను బల్ల మీది పేపరును ఇంకోసారి మడిచాడు. “నీకు ఇక్కడ ఉద్యోగమున్నది గద, మందా.”

“నేనేం తప్పు చేసిన్నండీ?”

“నువ్వేం చెయ్యలే. ఒట్టు. నాకు నీమీద కోపమే లేదు. ఉంటే చెప్పుకుందుము, తెగేది. ఏం లేదు... ఏమీ లేదు,” అన్నాడు సదాశివ్. ఆ ‘ఏమీ లేదు’ అన్న మాట అతను కూడా భయపడుతూనే అన్నాడు.

ఇరవై ఏళ్ళ కాపురం. అందులో ఒక్కరోజు కూడా తనకు వాళ్ళ మీద విసుగు పుట్టలేదు. ఇప్పుడు కూడా బల్లకు అవతల వాళ్ళిద్దరూ కూర్చుంటే, వెనక బాల్కనీలోంచి వచ్చే వెలుగులో లాస్య చెవి దగ్గర వెంట్రుకలు ఎర్రగా మెరుస్తుంటే, చూస్తూ ఉండిపోవాలనిపిస్తుంది. మరి వాళ్ళకే ఎందుకిలా అయింది? ఎంత ఆలోచించినా ఆవిడకు అంతుపట్టలేదు.

జవాబు కూకట్‌పల్లిలో దొరికింది. ఋతువు పలకలు పెట్టిన పరీక్ష ఇళ్ళను వంతులవారీగా వెళ్ళి చూసి రావడం మందాకిని పనే. ఆ వారం సోమయాజులు మాస్టారి ఇల్లు వంతు వచ్చింది. ఆయన విజయనగరం నుంచి వచ్చి స్థిరపడిన వయొలిన్ మాస్టారు. ముందు గదిలో మామిడి చిగురు గోడ, దాని ముందు చాప. ఆ గోడకు వీపు పెట్టి ఆయన కూర్చుంటారు. ఎదురుగా పిల్లలు వరసగా కూర్చుంటారు. ఆవిడ వెళ్ళేసరికి చాప ఖాళీగా ఉంది.

“పాఠాల వేళ కదండీ మాస్టారూ?”

“పాఠాలేటమ్మా ఇంక,” అన్నారాయన వయొలిన్ పెట్టె మూత వేస్తూ. “ఒకళ్ళ తరవాత ఒకళ్ళు మానీసారు. ఎందుకురా అంటే చెప్పరు. ఫీజు మానీమన్నా రారు. ముప్ఫయ్యేళ్ళ నుంచి చెబుతున్నాను, ఎప్పుడూ ఇలా లేదు. నా చెయ్యేమైనా పాడయిందా అని రికార్డు చేసుకుని విన్నాను కూడా. చెయ్యి బాగానే ఉందమ్మా.”

“అందరూ మానేశారా?”

“ఒక్కర్తి మిగిలింది. ఎడమచేతి వాటం పిల్ల. వరసలో కూర్చోబెడితే దాని కమాను పక్కవాళ్ళకి తగులుతాది. అందుకని మొదట్నుంచీ నా పక్కనే, నాతోపాటు ఇటు మొహం పెట్టి కూర్చోబెడతాను. అదొక్కర్తే వస్తోంది. ఎంత ఇష్టంగా వస్తోందో!”

మందాకిని చేతిలోని రంగు కొలిచే పరికరం గోడకు ఆనించబోయి ఆగిపోయింది. మాస్టారి చాప వంక, గోడ వంక, ఎదురు వరస వంక మార్చి మార్చి చూసింది. ఎదురుగా కూర్చున్న పిల్లలకు ఆయన ఎప్పుడూ ఈ గోడ ముందే కనిపిస్తారు. పక్కన కూర్చున్న పిల్లకు గోడే కనిపించదు. అలసిపోయిన మెదడు ‘ఇగ చాలు’ అన్నప్పుడు, గోడ ఏదో, గోడ ముందు కూర్చున్న మనిషి ఎవరో వేరు చేసి చూడటం లేదు. మొత్తం ఒకే బొమ్మగా తీసుకుని విసిరి పారేస్తోంది.

ఆవిడ అక్కడే చాప మీద కూలబడింది.

ప్రయోగశాలలో పలకలు పరీక్షించినన్నాళ్ళూ, పలకకూ చూసేవాళ్ళకూ మధ్య ఇంకో మనిషిని కూర్చోబెట్టలేదు. ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు. రంగుల వ్యాపారంలో ఉన్నవాళ్ళు ఇంటిని చూసే పద్ధతే అది. కాటలాగు తిరగెయ్యండి, అందులో సోఫా ఉంటుంది, పూలకుండీ ఉంటుంది, తెరిచిపెట్టిన పుస్తకం కూడా ఉంటుంది. మనిషి మాత్రం ఉండడు. మనిషి ఉంటే చూపు మనిషి మీదికి పోతుంది, రంగు అమ్ముడుపోదు.

ఇంట్లో భోజనాల బల్ల దగ్గర మందాకినిది వంటింటి వైపు కుర్చీ. మధ్యలో లేచి పులుసు తేవాలి, పెరుగు తేవాలి, అందుకని పెళ్ళయినప్పటి నుంచీ ఆవిడ ఆ వైపే కూర్చుంటుంది. ఆ కుర్చీ వెనకే గోడ. ఏడాదిగా పూటపూటా, సదాశివ్‌కూ లాస్యకూ ఆవిడ మొహం మామిడి చిగురు మీదే కనిపించింది. ఆవిడకు మాత్రం వాళ్ళిద్దరూ వెలుగులో కనిపించారు.

“ఏమైందమ్మా? మంచినీళ్ళు తెమ్మంటారా?” అని మాస్టారు కంగారు పడ్డారు.

“ఈ గోడ ఇప్పుడే తీయించేస్తాను మాస్టారూ. మీ చెయ్యి బాగానే ఉంది. పిల్లలది కూడా తప్పు కాదు,” అంది మందాకిని.

ఇంటికి వచ్చి ఉలి, సుత్తి తీసుకుని గోడ మీద పడింది. తలుపు తీసుకుని లోపలికి వచ్చిన సదాశివ్ ఒక్క క్షణం నిలబడి చూసి, సంచీ కింద పెట్టి, ఊడుతున్న షీటు చివర పట్టుకున్నాడు. అలవాటైన మర్యాద అది. లాస్య గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. షీటు మొత్తం ఊడి నేల మీద పడ్డాక మందాకిని గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పింది. ఎడమచేతి పిల్ల సంగతి, కుర్చీ సంగతి, మెదడు సంగతి.

సదాశివ్ శ్రద్ధగా విన్నాడు. లెక్కల మనిషి కదా, మధ్యలో రెండు ప్రశ్నలు కూడా అడిగాడు. చివరికి తలూపాడు. “నిజమే. ఎక్కడ గూడ తప్పు లేదు. నువ్వు చెప్పిందే కరెక్టు.”

మందాకిని ఆశగా అతని కళ్ళలోకి చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు.

“కానీ మందా... అర్థమైంది గానీ, లోపల ఏం మారలే. ఎట్ల చెప్పాలె. నిన్ను చూస్తుంటే ఇప్పుడు గూడ గట్లనే ఉన్నది.” అంటూ అతను కింద పడిన షీటును పక్కకు జరిపాడు. లాస్య ఏడుస్తూ, “నాకు గూడ అమ్మా. నాకు గట్ల ఉండాలని లేదు,” అంది. ఏడుస్తోంది గానీ తల్లి దగ్గరికి రాలేదు.

మర్నాడు ఫర్హానా గదిలో కూడా ఇంచుమించు ఇదే జరిగింది. విడుదలకు అన్నీ సిద్ధమయ్యాయి, ప్రకటనలు కూడా తయారయ్యాయి. మందాకిని చెప్పింది విని ఫర్హానా ముందు గట్టిగా నవ్వింది. తరవాత నవ్వు ఆపి, వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీల వెనక గోడ వంక చూసింది. అక్కడ నిలువెత్తు మామిడి చిగురు పలక ఉంది.

“ఏడాదిగా ఎవరొచ్చి కూర్చున్నా ఎప్పుడు లేచిపోతారా అనిపిస్తోంది. నేను ముసలిదాన్నవుతున్నా అనుకున్నా యార్,” అంది నెమ్మదిగా. “మనిద్దరం కలిసి డబ్బాలు విప్పుకుని తిని ఎన్నాళ్ళయింది?”

“నువ్వే బిజీ అన్నవు.”

“బిజీ కాదు.” ఫర్హానా కళ్ళు దించుకుంది. “నిజం చెప్తా, ఏమనుకోవద్దు. ఇప్పుడు కూడా నువ్వు తొందరగా వెళ్ళిపోతే బాగుండనిపిస్తోంది. అందుకే నమ్ముతున్నా నిన్ను.”

ఋతువును ఆపించింది ఫర్హానాయే. యజమానితో పోట్లాడి, పరీక్ష ఇళ్ళన్నిటిలోంచీ పలకలు ఊడదీయించింది. ఆ ఏటి రంగు ఇంకే ఇంటికీ వెళ్ళలేదు. ఆ మేరకు మందాకిని గుండె కొంచెం కుదుటపడింది.

తన ఇల్లు ఎలా బాగుపడుతుందన్నదే ఇప్పుడు ప్రశ్న. దానికి దారి ప్రయోగశాలలోనే ఉంది. పలకలు చూసి మొహం మొత్తినవాళ్ళలో కొందరికి కొంతకాలం తరవాత అదే పలక మళ్ళీ చూపించారు. ఎంతకాలం చూశారో దాదాపు అంతకాలం చూడకుండా ఉంటే విసుగు పూర్తిగా పోతోంది. మధ్యలో ఒక్కసారి చూసినా మళ్ళీ మొదటికొస్తోంది.

“మీరు వరంగల్ పోవద్దు. పిల్ల చదువు ఇక్కడనే ఉండనియ్యుండ్రి. నేనే పోత,” అంది మందాకిని. “ఒక్క ఏడాది నేను మీకు కనబడ. ఫొటో గూడ చూడకుండ్రి. తరవాత వస్త.”

లాస్య పరుగెత్తుకెళ్ళి గోడ మీది ఫొటోలు తీసి బీరువాలో పెట్టింది. ఆ తొందర చూసి మందాకిని మనసు చివుక్కుమంది. మంచికే కదా అని సర్దిచెప్పుకుంది.

ఫ్యాక్టరీ వెనక క్వార్టర్లలో ఒక గది ఇచ్చారు. గోడలకు సున్నం వేయించమని అడిగింది. రంగు వద్దంటే మేస్త్రీ వింతగా చూశాడు. మొదట్లో రోజూ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసేది, మాటలే, మొహాలు లేకుండా. కానీ లాస్య ఒకరోజు బతిమాలినట్టు అంది, “అమ్మా, నీ గొంతు ఇంటే నీ మొహమే కళ్ళ ముందలికి వస్తున్నది. అట్ల రావద్దు గద?” ఆ తరవాత ఫోన్లు కూడా మానేశారు. గ్యాసు బుకింగ్ నంబరు ఎక్కడుంది, ఇన్వర్టర్‌లో నీళ్ళు ఎవరు పోస్తారు, ఇలాంటి మెసేజీలు మాత్రం అప్పుడప్పుడు వచ్చేవి. వాటికి జవాబు పెట్టేటప్పుడు ఎక్కువ మాటలు రాయకూడదని ఆవిడ నియమం పెట్టుకుంది. “మిక్సీ వెనక అరలో” అని రాసి, ఇంకేమైనా అడుగుతారేమో అని ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చునేది.

ఒంటరితనం అంటే ఏమిటో ఆవిడకు ఆ గదిలో తెలిసింది. పగలంతా పని ఉంటుంది. సాయంత్రం వంట ఒక్కరికే కదా అని బియ్యం కొలత తగ్గించి, తగ్గించి, ఆఖరికి వండటమే మానేసి క్యాంటీన్‌లో చపాతీలు తెచ్చుకునేది. తినేటప్పుడు ఎదురుగా సున్నపు గోడ. అప్పుడప్పుడు తనతో తానే మాట్లాడుకునేది, తన గొంతు తనకు కొత్తగా వినిపించేది. పండగ రోజు కాలనీ ఆడవాళ్ళు పిలిస్తే వెళ్ళి, అందరి పిల్లల తలలూ నిమిరి, ముందుగానే వచ్చేసేది. ఫర్హానా కూడా కలవదు, కలవకూడదని ఇద్దరూ అనుకున్నారు. మందాకినికి తెలిసిన మనుషుల్లో ఆవిడ మొహం చూడాలని ఉన్నవాళ్ళు ఎవరూ లేరు. ఉంటే ఒక్క సోమయాజులు మాస్టారే.

ఆయనే ఒకరోజు సంతోషంగా ఫోన్ చేశారు. “పిల్లలు వచ్చీసారమ్మా! ఒక్కొక్కరే వచ్చి మళ్ళీ చేరారు.”

వాళ్ళు వారానికి రెండు పూటలే ఆయన్ని చూశారు గనక తొందరగా తేరుకున్నారు. మందాకిని కళ్ళు తుడుచుకుంది. “ఎట్లున్నరండీ? మునుపటిలాగానే ఉన్నారా?”

“ఎంత శ్రద్ధో! కొత్తగా చేరినప్పుడు చేతులు కట్టుకుని కూర్చుంటారే, అలా కూర్చుంటున్నారు. మునుపు నా జేబులోంచి పిప్పరమెంట్లు లాక్కునేవారు వెధవలు. ఇప్పుడు నేనే ఇచ్చినా ‘థాంక్యూ సార్’ అంటున్నారు,” అన్నారాయన. “పర్లేదులెండి. వచ్చారు, అదే పదివేలు.”

మందాకినికి ‘వచ్చారు’ అన్న మాట ఒక్కటే వినిపించింది. మిగతాది చెవికెక్కలేదు. ఆ వారమంతా ఆవిడ హుషారుగా ఉంది. చాన్నాళ్ళ తరవాత గదిలో పోపు వాసన వచ్చింది.

మళ్ళీ ఎండలు ముదురుతుండగా ఒక మెసేజీ వచ్చింది. “అమ్మా, నిన్ను చూడాలనిపిస్తున్నది. డాడీకి గూడ. ఆదివారం రా.” మందాకిని దాన్ని ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. గది ఖాళీ చేస్తున్నానని ఆఫీసులో చెప్పేసింది. బట్టలన్నీ పెద్ద సూట్‌కేసులో సర్దింది. మిగిలిన గిన్నెలు, బకెట్టు పక్క గది వాళ్ళకు ఇచ్చేసింది. ఇక తిరిగి వచ్చే పని లేదు కదా.

ఆటో దిగేసరికి ఇద్దరూ గేటు దగ్గరే ఎదురుచూస్తున్నారు. లాస్య కాస్త పొడుగైంది. సదాశివ్ చెంపల దగ్గర జుట్టు ఇంకా నెరిసింది. ఇద్దరూ ఆవిడ మొహంలోకి చూశారు. పక్కకు తిప్పుకోకుండా, తడుముకోకుండా, ఇష్టంగా చూశారు. ఆ చూపు కోసమే ఏడాదంతా సున్నపు గోడతో కాపురం చేసింది మందాకిని.

“అమ్మా, నువ్వు ఎంత అందంగున్నవే! ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉన్నదా నీకు?” అంది లాస్య ఆశ్చర్యంగా.

“లోపలికి రా, ఎండల నిలబడ్డవు. ట్రాఫిక్ బాగుండెనా?” అన్నాడు సదాశివ్. సూట్‌కేసు అందుకుని, “అబ్బో, బరువుగున్నది,” అంటూ తెచ్చి తలుపు పక్కన నిలబెట్టాడు.

ఇల్లు అద్దంలా తుడిచి ఉంది. సోఫా మీద ఉతికిన దుప్పటి పరిచారు. సదాశివ్ ఫ్యాను కింద చోటు చూపించి కూర్చోమన్నాడు. లాస్య పళ్ళెంలో గ్లాసు పెట్టి మంచినీళ్ళు తెచ్చింది. ఇద్దరూ ఎదురుగా కుర్చీలు లాక్కుని కూర్చుని, ఆవిడ ఏం చెబుతుందా అని ముందుకు వంగారు. ఉద్యోగం ఎలా ఉంది, అక్కడ నీళ్ళు బాగుంటాయా, దోమలున్నాయా అని అడిగారు. ఆవిడ చెప్పిన ప్రతి మాటకూ నవ్వారు, ఆశ్చర్యపోయారు. అంత శ్రద్ధగా తన మాట విన్నవాళ్ళు ఆవిడకు ఎప్పుడూ తగల్లేదు.

కాసేపటికి మందాకిని అలవాటుగా లేచి వంటింటి వైపు నడిచింది.

“అయ్యో, నువ్వెందుకమ్మా! కూర్చో, నేను తెస్త,” అని లాస్య గబగబా అడ్డం వచ్చింది. “చాయ్ తాగుతవా, కాఫీ తాగుతవా?”

మందాకిని జన్మలో టీ ముట్టుకోలేదు. ఇరవై ఏళ్ళు పొద్దున్నే ఆవిడకు కాఫీ కలిపి ఇచ్చినవాడు సదాశివ్. ఆవిడ అతని వంక చూసింది. అతను కూడా జవాబు కోసం కుతూహలంగా చూస్తున్నాడు. “మొహమాటపడకు. నీ ఇల్లే అనుకో,” అన్నాడు ఆప్యాయంగా.

అప్పుడు అర్థమైంది ఆవిడకు. విసుగు పైన అంటించిన షీటు కాదు, అదొక్కటే ఊడి రావడానికి. చూసి చూసి వచ్చిన విసుగు పోయింది. చూసి చూసి వచ్చిన చనువు కూడా దానితోపాటే పోయింది. వీళ్ళ మీద కోప్పడటానికి లేదు, ఇంత ప్రేమగా చూస్తున్నవాళ్ళ ముందు ఏడవడానికీ లేదు.

“ఏదైనా పర్లేదు బిడ్డా. తిప్పలు పడకు,” అంది.

లాస్య టీ చేసింది. చక్కెర వేరే గిన్నెలో పెట్టి తెచ్చింది. మందాకిని అడుగు దాకా తాగి, “చాలా బాగుంది” అంది. లాస్య మొహం విప్పారింది. మధ్యాహ్నం భోజనంలో కొసరి కొసరి వడ్డించారు. ముగ్గురూ చాలాసేపు కబుర్లు చెప్పుకున్నారు. లాస్య మళ్ళీ కాలేజీ సంగతులు చెప్పింది, పేర్లన్నీ మొదటి నుంచి వివరంగా చెబుతూ. మందాకిని ఆ పేర్లు తనకు తెలుసని అనలేదు.

ఎండ తగ్గాక సదాశివ్ గడియారం వంక చూసి, ఆటో పిలవమంటావా అని మొహమాటంగా అడిగాడు. లాస్య తల్లి చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకుంది. ఆ పిల్ల కళ్ళు మెరుస్తున్నాయి.

“మళ్ళ ఎప్పుడొస్తవ్ అమ్మా?”

మందాకిని తలుపు పక్కనున్న సూట్‌కేసు వంక ఒకసారి చూసింది. దాని పిడి పట్టుకుని, చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

“వచ్చే ఆదివారం వస్త బిడ్డా,” అంది.